టీపీఆర్ చార్టులో ఆ ‘20’: నాలుగేళ్ల ఆసుపత్రి శిక్షణ గురించి ఒక ప్రశ్న

విభాగం: నర్సింగ్ విద్య – వార్డు అనుభవాలు

పెన్నాతీరం (నెల్లూరు, బి.ఎస్సీ. నర్సింగ్ చివరి సంవత్సరం)
ఆదివారం, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. మరి కొన్ని వారాల్లో నా నాలుగేళ్ల శిక్షణ ముగుస్తుంది. లాగ్ బుక్కులో సంతకం పడని గడి ఒక్కటీ లేదు. కేర్ ప్లాన్లు అప్పగించాను, కేస్ ప్రెజెంటేషన్లు, వైవాలు అన్నీ గడిచాయి. అయినా ఒక విషయం ఏడాదిగా నన్ను వదలడం లేదు కాబట్టి దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మూడో సంవత్సరంలో నాకు మగవారి మెడికల్ వార్డులో ఉదయం పోస్టింగు పడింది. 30 మంచాలకు ఇద్దరు విద్యార్థినులం. డాక్టర్ల రౌండ్సు మొదలయ్యేలోగా టీపీఆర్ (ఉష్ణోగ్రత, నాడి, శ్వాస), బీపీ చార్టులన్నీ సిద్ధంగా ఉండాలి. ఉష్ణోగ్రత నిజంగానే చూసేదాన్ని, నాడి నిజంగానే పట్టుకునేదాన్ని, శ్వాస గడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం లెక్కించకుండానే నిమిషానికి 20 అని రాసేసి పక్క మంచానికి వెళ్లిపోయేదాన్ని. నాకు ముందు రాత్రి డ్యూటీలో ఉన్నవారూ అదే అంకె వేసేవారు, నా తర్వాత వచ్చినవారూ అదే వేసేవారు.

ఒకరోజు ఇందుకూరుపేట వైపు నుంచి జ్వరంతో వచ్చి చేరిన ఒక పెద్దాయన భార్య నా చెయ్యి పట్టుకుని, “రేత్రి నుంచి రొప్పుతా ఉండాడు పాపా, ఒకసారి చూడు” అన్నది. చూస్తానమ్మా అని చెప్పి, ఆయన చార్టులో కూడా 20 రాసి ముందుకు వెళ్లాను. పదకొండు గంటలకు డ్యూటీ డాక్టరు ఆయన మంచం పక్కన గడియారం చూసుకుంటూ నిమిషం పాటు నిలబడ్డారు. లెక్క 36 వచ్చింది. రెండు ఊపిరితిత్తులకూ నెమ్ము పట్టిందని ఎక్స్‌రేలో తేలింది. ఐసీయూకు మార్చేటప్పుడు కేసు షీటు సర్దింది నేనే. మూడు రోజుల చార్టులో శ్వాస గడులన్నీ 20, 20, 20. ఆ కాగితాన్ని నమ్మితే ఆయనకు ఏ కష్టమూ రాలేదు.

ఆ గడి గురించి నన్ను ఎవరూ అడగలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే, ఎందుకంటే దాన్ని అసలు ఎవరూ చదవడం లేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆయన కోలుకుని ఇంటికి వెళ్లిన రోజున ఆమె నాకు కూడా దండం పెట్టి వెళ్లింది.

సీనియర్లను ఒక్కటే అడుగుతున్నాను. మనిషి ఊపిరిని నిమిషం పాటు చూడటమనే ఈ చిన్న పనిని మీ శిక్షణలో ఎవరైనా నిజంగా నేర్పారా? మీకు అది ఎప్పుడు, ఎలా పట్టుబడింది?

వేదిక నిర్వాహకులు
ఆదివారం, రాత్రి 10.05

చర్చ ఎంతో అవసరమైనది, కొనసాగించండి. అయితే ఏ ఆసుపత్రినీ, కళాశాలనీ, వ్యక్తినీ పేరుతో ప్రస్తావించవద్దని మనవి.

సముద్రగాలి (కావలి, స్టాఫ్ నర్సు, జీఎన్ఎం డిప్లొమా)
ఆదివారం, రాత్రి 11.20

చెల్లెమ్మా, నువ్వు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా మూడున్నరేళ్ల జీఎన్ఎంలో నేను కూడా ఎన్ని చార్టులలో 20 వేశానో లెక్క లేదు. నాకు ఆ అలవాటు పోయింది లేబర్ రూములో.

అప్పట్లో మా హెడ్ సిస్టర్ కేరళ నుంచి వచ్చినావిడ. ఆమెకు తెలుగు అంతంత మాత్రంగా వచ్చేది, మన పల్లె మాటలు సగం అర్థమయ్యేవి కావు. కానీ గర్భిణి లోపలికి నడిచి వస్తున్నప్పుడే ఆమె ఊపిరి తీరు చూసి ఏ మంచం మీద పడుకోబెట్టాలో చెప్పగలిగేది. ఒక రాత్రి కందుకూరు వైపు నుంచి ఫిట్స్‌తో ఒక తొలిచూలు అమ్మాయిని తీసుకొచ్చారు. ఊళ్లలో గుర్రపువాతం అంటారు కదా, అదే. ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టారు, అది ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. నాలుగు గంటలకు ఒకసారి 5 గ్రాములు, ఒకసారి ఒక పిరుదుకు, మరోసారి రెండో పిరుదుకు ఇవ్వాలి. ప్రతి మోతాదుకూ ముందు మూడు చూడాలి: మోకాలి మీద తడితే కాలు కదులుతోందా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా వస్తోందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా. ఈ మూడూ పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే.

తెల్లవారుజామున మోతాదు సమయానికి సిరంజిలో మందు నింపుకుని వెళ్లాను. ఊపిరి ఎంత అని సిస్టర్ అడిగింది. నోటికి అలవాటైన 20 వచ్చేసింది. ఆమె నా చేతిలోని ట్రే తీసుకుని పక్కన పెట్టి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, “ఇప్పుడు చూడు” అన్నది. నిమిషం తర్వాత నాకు 12 వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ చూశాను, మళ్లీ 12 వచ్చింది. మోకాలు కూడా కదలలేదు. ఆ మోతాదు ఆపేశారు, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చారు, తెల్లారేసరికి ఆ అమ్మాయి ఊపిరి తిరిగి సర్దుకుంది. నేను ఆ సూది వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి ఇప్పటికీ ధైర్యం చాలదు. సిస్టర్ నన్ను తిట్టలేదు. మందు నింపిన ఆ సిరంజిని మాత్రం డ్యూటీ ముగిసేదాకా నా కళ్లెదురుగా బల్ల మీదే ఉంచింది.

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు ఇది. నాకు ఎవరో ఒకరు నేర్పారు, కానీ అది పాఠం చెప్పిన తరగతి గదిలో జరగలేదు, పాఠం చెప్పిన సంవత్సరంలోనూ జరగలేదు.

నిమ్మతోట (గూడూరు, జీఎన్ఎం, ప్రస్తుతం చెన్నైలో ఉద్యోగం)
సోమవారం, ఉదయం 6.15

ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే నా అభ్యంతరం చెబుతున్నాను. తప్పంతా విద్యార్థినుల మనసాక్షి మీద పెట్టడం న్యాయం కాదు. మేము ఫీజు కట్టి చేరి, ఆసుపత్రికి జీతం లేని పనివాళ్లుగా మూడేళ్లు గడిపాం. శాంపిళ్లు ల్యాబుకు చేర్చడం, ఫార్మసీ నుంచి మందుల డబ్బాలు మోసుకురావడం, స్కానింగుకు ట్రాలీ తోసుకెళ్లడం, బంధువుల కోసం వెతకడం, ఇవన్నీ మా చేతనే చేయించారు. వీటి మధ్య 30 మంది ఊపిరి 30 నిమిషాలు చూస్తూ నిలబడితే, పని రాని పిల్ల అని ఇంటర్నల్ మార్కులు తగ్గించేవారు. వేగంగా పూర్తిచేసిన అమ్మాయిని అందరి ముందూ మెచ్చుకునేవారు. ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో మెచ్చుకున్నవారికి తెలియదా? తెలుసు, ఎందుకంటే వాళ్లూ అలాగే నేర్చుకున్నారు.

పెన్నాతీరం గారు తమ తప్పు ఒప్పుకున్నారు, అది పెద్ద మనసు. కానీ ఆ రోజు ఆ వార్డులో అర్హత ఉన్న స్టాఫ్ నర్సులు ఎంతమంది ఉన్నారు అన్నది కూడా అడగాలి.

సోమశిల (ఆత్మకూరు, క్యాజువాలిటీ, బి.ఎస్సీ. నర్సింగ్)
సోమవారం, మధ్యాహ్నం 2.30

నిమ్మతోట గారి అభ్యంతరం సరైనదే. దానికి నా అనుభవం ఒకటి జోడిస్తాను.

మూడో సంవత్సరంలో మా క్యాజువాలిటీ పోస్టింగు నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో పడింది. నెల్లూరు జిల్లాలో ఆ రోజుల్లో పాముకాట్లు ఎలా వస్తాయో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. ఒక వేకువజామున సంగం వైపు నుంచి 19 ఏళ్ల కుర్రాడిని కడుపునొప్పి అని తీసుకొచ్చారు. రాత్రి నేల మీద పడుకున్నాడు, ఏదీ కరిచినట్టు తెలియదు, ఒంటి మీద గాటు కనబడదు. మా సీనియర్ సిస్టర్ అతని కళ్లు చూసింది. రెప్పలు వాలిపోతున్నాయి. “ఒకే ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టు నాయనా” అని అడిగింది. 14 దాకా వెళ్లాడు. పది నిమిషాలకు మళ్లీ అడిగితే 9, ఆ తర్వాత 5.

అది కట్లపాము కాటు. దాని కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు, కోరల గుర్తు కూడా కనిపించకపోవచ్చు. రక్తాన్ని గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూసే పరీక్ష రక్తపింజర విషాన్ని పట్టిస్తుంది కానీ దీన్ని పట్టించదు, ఈ కుర్రాడి రక్తం చక్కగా గడ్డకట్టింది. దీని విషం నరాల నుంచి కండరాలకు ఆదేశం అందకుండా చేస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు కూడా పనిచేయవు. పది వయల్స్ విరుగుడు మందు ఎక్కిస్తూనే గొంతులో గొట్టం వేశారు. వెంటిలేటరు ఖాళీ అయ్యేదాకా మేము నలుగురు విద్యార్థులం వంతులవారీగా, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగు నొక్కాం. ఆరు సెకన్లకు ఒకసారి. గోడ మీది గడియారం చూస్తూ నొక్కుతుంటే, అంతకు రెండేళ్ల ముందు నుంచి నేను చార్టుల్లో తేలిగ్గా రాసిపారేస్తున్న అంకె బరువు ఎంతో నా చేతులకు తెలిసింది. రెండు గంటల తర్వాత చేతులు వణుకుతున్నా ఎవరూ పక్కకు తప్పుకోలేదు.

అది కూడా జీతం లేని చాకిరీయే, నిజమే. వెంటిలేటరు ఉండి ఉంటే మా అవసరం ఉండేది కాదు. కానీ నా నాలుగేళ్లలో నన్ను నర్సుగా మార్చిన రెండు గంటలు ఏవని అడిగితే వాటినే చెబుతాను.

వెలిగొండ (కనిగిరి ప్రాంతం, ఎంఎల్‌హెచ్‌పీ – పల్లె ఆరోగ్య కేంద్రపు నర్సు)
సోమవారం, రాత్రి 8.50

మా పడమటి ప్రకాశంలో ఈ విషయం ఇంకోలా ఉంటుంది. ఇక్కడ మాకు ఎక్స్‌రే లేదు, పిలిస్తే వచ్చే డాక్టరు పక్క గదిలో ఉండరు. జలుబు, దగ్గుతో తెచ్చిన పసిబిడ్డకు నెమ్ము ఉందో లేదో తేల్చడానికి మా దగ్గరున్న ముఖ్యమైన పనిముట్టు గడియారమే. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 వస్తే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు లెక్క. పూర్తి నిమిషం చూడాలి, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు, ఎందుకంటే పసివాళ్ల ఊపిరి ఒక తీరుగా సాగదు. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. తల్లి ఒడిలోనే ఉంచి, చొక్కా పైకి తీసి, పొట్ట కదలికను చూడాలి. “పక్కలెగరేస్తా ఉండాడమ్మా” అని తల్లి ముందుగా అన్నదంటే ఆ మాటను సగం పరీక్షగానే తీసుకోవాలి.

శిక్షణలో నాకు తెలియక, ఇక్కడికి వచ్చాకే తెలిసిన సంగతి మరొకటి ఉంది. ఈ నేల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదటగా నమోదు చేసింది అప్పటి ఉమ్మడి నెల్లూరు జిల్లాలోనే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడటానికి ముప్పై ఏళ్లకు పైగా ముందు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయిన పెద్దవాళ్లలో వెన్నుతో పాటు పక్కటెముకల కీళ్లు కూడా పట్టేస్తాయి. ఊపిరి తీస్తే ఛాతీ లేవదు, పొట్ట మాత్రమే కదులుతుంది. మాకు కాలేజీలో ఛాతీ మీద కళ్లు పెట్టి లెక్కించమని చెప్పారు. అలా చూస్తే ఈ ముసలివాళ్ల ఊపిరి దొరకదు. మొదటి వారంలో ఒక తాతను చూస్తూ ఎంతసేపు నిలబడ్డా నాకు లెక్క తెగలేదు, చివరికి ఆయనే నవ్వి, నా చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకున్నాడు.

ఏ ప్రాంతంలో ఉద్యోగం చేయబోతారో ఆ ప్రాంతపు రోగాలను శిక్షణలో చూపించాలి. పది రోజుల కమ్యూనిటీ పోస్టింగులో ఫ్యామిలీ ఫోల్డర్లు (కుటుంబాల ఆరోగ్య వివరాల పత్రాలు) నింపుకుని బస్సెక్కి వచ్చేస్తే ఇవేవీ కనబడవు.

స్వర్ణాల (నెల్లూరు, 2018లో చేరిన బ్యాచ్)
సోమవారం, రాత్రి 10.10

మా బ్యాచ్‌కు వార్డు అన్నది సగం శిక్షణలో మూతపడింది. 2020 మార్చిలో రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు మా నెల్లూరులోనే బయటపడింది, ఆ తర్వాత కొద్దిరోజులకే హాస్టలు ఖాళీ చేయించారు. బొమ్మ మీద నేర్చుకోవలసినవి కూడా ఫోను తెర మీద చూసి నేర్చుకున్నాం. తిరిగి వార్డులోకి వెళ్లినప్పుడు అందరి కళ్లూ ఆక్సీమీటరు మీదే ఉండేవి. వేలికి తగిలించిన పరికరం 95 చూపిస్తుంటే, రోగి నిమిషానికి 30 సార్లు ఊపిరి తీస్తూ ఆ అంకెను నిలబెడుతున్నాడని గమనించేవారు తక్కువ. పీపీఈ కిట్టులో అద్దం మసకబారి ఛాతీ కదలిక కనబడేది కాదు, దుప్పటి మీద చెయ్యి వేసి లెక్కించేవాళ్లం. మాకు నేర్పినవారు ఎవరూ లేరు, భయమే నేర్పింది.

దీపశిఖ (ఒంగోలు, నర్సింగ్ ట్యూటర్)
మంగళవారం, ఉదయం 5.30

రెండు రోజులుగా ఈ చర్చను చదువుతున్నాను. ఇందులో జవాబు చెప్పవలసినవారిలో నేనూ ఒకదాన్ని కాబట్టి రాస్తున్నాను. మీరంతా చెబుతున్న ఆ చార్టుల కింద విద్యార్థినుల సంతకాల పక్కనే నా సంతకం కూడా ఉండేది. గడులన్నీ నిండాయా అని చూశాను, ఏం నింపారో చూడలేదు.

ముందు లెక్క చెబుతాను. ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, బీపీ నాలుగూ సక్రమంగా చూస్తే మనిషికి ఐదారు నిమిషాలు పడుతుంది. 30 మందికి రెండున్నర నుంచి మూడు గంటలు. ఇద్దరు పంచుకున్నా గంటంబావుకు తగ్గదు. ఎనిమిదికి వార్డులో అడుగుపెట్టి, మంచాలు సర్ది, తొమ్మిదికి రౌండ్సుకు సిద్ధం కావాలంటే ఎక్కడో ఒకచోట కోత పడాలి. థర్మామీటరును రోగి చూస్తాడు, బీపీ పట్టీ బిగుసుకుంటే అతనికి తెలుస్తుంది. ఊపిరి లెక్కిస్తున్న సంగతి మాత్రం రోగికి తెలియదు, తెలియకూడదు కూడా, తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే కోత ఎప్పుడూ దాని మీదే పడుతుంది. మనుషుల ఆరోగ్యం దిగజారేటప్పుడు చాలాసార్లు అన్నిటికంటే ముందుగా మారేది మాత్రం అదే.

బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ నిష్పత్తి ఉన్న జనరల్ వార్డులో నేను ఇంతవరకు పనిచేయలేదు. లేనివారి స్థానంలో విద్యార్థినులను నిలబెడుతున్నామన్న నిమ్మతోట గారి మాటను కాదనే ధైర్యం నాకు లేదు.

నేను చేయగలిగింది ఒకటే చేశాను. గత రెండేళ్లుగా మొదటి, రెండో సంవత్సరం పిల్లలకు తలా నలుగురు రోగులనే అప్పగిస్తున్నాను. ఆ నలుగురి చార్టు పూర్తిగా వాళ్లదే, ఆ నలుగురి కథ కూడా వాళ్లే నాకు చెప్పాలి. నాడి చూశాక చెయ్యి వదలకుండా, రోగి చేతిని ఛాతీ మీదుగా ఆనించి పట్టుకుని, నాడి చూస్తున్నట్టే ఉంటూ ఊపిరి లెక్కించమంటాను. పైట కప్పుకున్న ఆడవారి దగ్గర, దుప్పటి కప్పుకున్నవారి దగ్గర ఇదొక్కటే మర్యాదగా సాగే పద్ధతి. ఆ తర్వాత ఇద్దరిని నేనే తిరిగి లెక్కిస్తాను. దీనివల్ల వార్డు ఇంచార్జ్‌లతో నాకు మాటామాటా వచ్చింది. మిగతా మంచాలు ఎవరు చూస్తారని వాళ్లు అడుగుతున్నారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు, దానికి నా దగ్గర జవాబూ లేదు.

పెన్నాతీరం, నువ్వు నా విద్యార్థినివో కాదో తెలియదు. అయితే, నీకు క్షమాపణ చెప్పుకోవలసిన దాన్ని నేనే.

మొదటిమెట్టు (ఒంగోలు, మొదటి సంవత్సరం)
మంగళవారం, సాయంత్రం 6.00

అక్కలకూ, మేడమ్‌కూ నమస్కారం. మాకు పోయిన నెలలోనే దీపం వెలిగించి ప్రతిజ్ఞ చేయించారు. వచ్చే సోమవారం మొదటిసారి వార్డుకు వెళుతున్నాను. సీనియర్లెవరైనా టైము లేదు, 20 రాసెయ్ అంటే నేనేం చేయాలి? ఎదిరించి మాట్లాడే ధైర్యం నాకు లేదు.

సముద్రగాలి (కావలి)
మంగళవారం, రాత్రి 9.15

ఎదిరించనక్కరలేదమ్మా. లెక్కించనిదాన్ని ఖాళీగా వదిలెయ్, ఎందుకు వదిలావని అడిగితే ఇంకా చూడలేదు సిస్టర్ అని చెప్పు. ఖాళీ గడిని చూస్తే తర్వాత వచ్చేవారికి చూడలేదని తెలుస్తుంది, అబద్ధపు అంకె ఉంటే చూశారనుకుని వెళ్లిపోతారు. సెకన్ల ముల్లున్న మామూలు గడియారం ఒకటి కొనుక్కో, వార్డులో ఫోను తీయనివ్వరు. రొప్పుతున్నవారినీ, పడుకోలేక కూర్చునే ఉన్నవారినీ, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నవారినీ ముందు చూడు. డయాలసిస్‌కు వచ్చేవాళ్లు రాత్రంతా దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చున్నామని చెబితే ఒంట్లో నీరు చేరి ఉండవచ్చు, వెంటనే సిస్టర్‌కు చెప్పు. నీకు సమయం మిగలకపోతే తక్కినవాళ్లను తర్వాత చూడవచ్చు.

పెన్నాతీరం (నెల్లూరు)
గురువారం, మధ్యాహ్నం 3.45

అందరికీ కృతజ్ఞతలు. దీపశిఖ మేడమ్, నేను మీ విద్యార్థినిని కాను, కానీ మీరు రాసినది మా హాస్టల్లో అందరం కలిసి చదువుకున్నాం.

ఈ రోజు నాకు ఉదయం డ్యూటీ, ఆడవారి మెడికల్ వార్డు, 32 మంది. తొమ్మిదయ్యేసరికి 11 మంది ఊపిరి మాత్రమే లెక్కించగలిగాను, తక్కిన 21 గడులూ ఖాళీగా వదిలాను. ఇంచార్జ్ సిస్టర్ చార్టులు తిరగేసి, చివరి సంవత్సరంలో ఉండి ఇదేం పని అని గట్టిగానే అడిగారు. ఇంకా చూడలేదు సిస్టర్, మధ్యాహ్నంలోగా చూస్తానని చెప్పాను. ఆమె ఇంకేమీ అనలేదు, సంతోషించనూ లేదు. రౌండ్సు అయ్యాక, మందులు ఇచ్చాక, ఒక్కొక్క మంచం దగ్గరా నిలబడి పన్నెండున్నరకు అన్నీ పూర్తిచేశాను.

పద్నాలుగో మంచం మీద ఉన్నావిడకు 28 వచ్చింది, డ్యూటీ డాక్టరుకు చెబితే వచ్చి చూసి ఆక్సిజన్ పెట్టించారు. మొత్తం 32 మందిలో సరిగ్గా 20 వచ్చినవారు ముగ్గురు.